ఆపమన్నడా, ఆపొద్దన్నడా?

1948 సెప్టెంబర్ 17. గద్వాల. పొద్దుగూకింది. కోట వైపు ఉరుము. వాకిలి గడియ పడింది. కిటికీలూ మూసేశారు. లోపల వాల్వు రేడియో వేడెక్కుతోంది. దుమ్ము మాడిన వాసన. డయల్ దీపం చుట్టూ ఏడెనిమిది తలలు. డెక్కన్ రేడియోలో ఈ పూట మాట్లాడేది నిజామే!

"ఏమంటుండన్నా?"

"గమ్మునుండు. ఇననీ."

13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానం సరిహద్దు దాటినప్పట్నుంచీ ఊరికి నిద్రల్లేవు. డెక్కన్ రేడియో ఒకటి చెబితే ఢిల్లీ ఇంకోటి చెబుతుంటే, తమ గద్వాల మనిషి పాగ పుల్లారెడ్డి లాంటి వాళ్లు కర్నూలు నుంచి చాటుగా నడిపే భాగ్యనగర్ రేడియో కోసం కూడా సూది తిప్పి తిప్పి, నిజాం పక్షాన తిరిగే రజాకార్ల భయానికి గొంతు తగ్గించి, జనం నిజమేదో తేల్చుకోలేక సతమతమైపోయారు. ఇప్పుడు తేలాలి.

గొంతు వచ్చింది. అంతలోనే పీక నొక్కినట్టు వంకరపోయింది.

"ఎర్త్ తీగ కాడ నీళ్లు పొయ్!"

పిల్లాడు చెంబుతో చీకట్లోకి ఉరికాడు. గరగర కాస్త తగ్గింది. వంకర తగ్గలేదు.

తగ్గదు కూడా. తప్పు సెట్టుది కాదు, గాలిది. స్టేషన్ తన మాటను క్యారియర్ అనే అల మీద ఎక్కించి పంపుతుంది. చీకటి పడితే ఆ అల రెండు దారుల్లో వస్తుంది. ఒకటి నేల వెంట, ఇంకొకటి పైన ఆకాశపు పొర అయనోస్ఫియర్‌ను తగిలి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల లాంటి దూరాల్లో రెండూ ఎదురుపడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్కోసారి క్యారియర్ ఒక్కటే పోయి, మాట మోసే పక్క అలలు మిగులుతాయి. క్యారియర్ లేకుండా మామూలు డిటెక్టర్ ఆ మాటను సరిగా విప్పలేదు.

దీనికి మందు 1932లోనే ఫ్రాన్స్‌లో ఆన్రీ ద బెల్సీజ్ రాసిపెట్టాడు. వచ్చే క్యారియర్ బలహీనపడినా, సెట్టు లోపలే దానికి జతకలిసే గట్టి అలను పుట్టించి దాంతో మాటను విప్పాలి. అదే సింక్రనస్ డిటెక్షన్. 1956లో అమెరికాలో జాన్ కోస్టాస్ దానికి మెరుగైన దారి చూపాడు. చేత్తో మోసుకెళ్లే సెట్టులోకి, సోనీ ఐసీఎఫ్-2001డి రూపంలో అది దిగేసరికి 1980లు నడుస్తున్నాయి. గద్వాలకు మాత్రం మాట ఈ రాత్రే కావాలి.

"కాల్పులు..." అందాక తెలిసింది. ఆ తర్వాత మాట మునిగిపోయింది.

"ఆపమన్నడా? ఆపొద్దన్నడా?"

ఎవరూ కదల్లేదు. సూది మీది వేలు బిగుసుకుంది. ఒక్క వెంట్రుక వాసి పక్కకు జరిపాడు. హోరు పెరిగింది. వెనక్కి తెచ్చాడు.

అల తేలింది. నిజాం ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా. సైన్యానికి కాల్పుల విరమణ.

"ఆపమన్నడప్పా!"

మరునాడు, 18న, నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు.