ముళ్లు లేని నాగజెముడు చలిని తట్టుకుంటుందా? తోటకు తగిన రకం ఎంపికలో తెలుసుకోవాల్సినవి

చలి ప్రాంతాల్లో పెరటితోటకు నాగజెముడును ఎంచుకునేవారికి ప్రధానంగా ఒక చిక్కు ఎదురవుతుంది. ముళ్లు లేని రకాల్లో అత్యధికం గడ్డకట్టే చలికి కుళ్లిపోతాయి. మంచును తట్టుకునే రకాల్లో అత్యధికం ముళ్లతో నిండి ఉంటాయి. రెండు గుణాలూ ఒకే మొక్కలో కలవడం అరుదు. అమెరికాలో ఈ రెంటినీ కలిపి సాధించాలన్న ప్రయత్నానికి శతాబ్దానికి పైగా చరిత్ర ఉంది. అందులో శాస్త్రం ఎంత ఉందో ప్రచారం కూడా అంతే ఉంది.

తెలుగులో ‘జెముడు’ అన్న మాట రెండు వేర్వేరు కుటుంబాల మొక్కలకు వర్తిస్తుంది. ఆకుజెముడు, కాడజెముడు మన నేలకు పాతకాపులు. వాటిని గిల్లితే పాలు కారతాయి. నాగజెముడు మాత్రం అమెరికా ఖండాల నుంచి వచ్చిన కాక్టస్. దాన్ని కోస్తే పాలు రావు, జిగురు వస్తుంది. పాము పడగలా వెడల్పుగా ఉండే మట్టలను చూసి పాత పేరుకు ‘నాగ’ను చేర్చి ఉంటారని భావించవచ్చు. హిందీలోనూ దీని పేరు నాగఫణి. ఆ మట్టలు చూడటానికి ఆకుల్లా ఉన్నా నిజానికి కాండాలే. ఆకులు లేత మట్టలపై కొద్దికాలం సన్నగా మొలిచి రాలిపోతాయి.

బర్బాంక్ కల, టెక్సాస్ చలి

ముళ్లు లేని నాగజెముడు అనగానే కాలిఫోర్నియాలోని శాంటా రోజాకు చెందిన మొక్కల పెంపకందారు లూథర్ బర్బాంక్ పేరు వినిపిస్తుంది. వివిధ దేశాల నుంచి తెప్పించిన రకాలను సంకరపరచి, ముళ్లు లేని నాగజెముళ్లను రూపొందించినట్లు ఆయన 1907లో ప్రత్యేక జాబితా వెలువరించారు. ఎడారులను పశుగ్రాస క్షేత్రాలుగా మార్చే మొక్క ఇదేనని పత్రికలు కొనియాడాయి. ఒక్కో మట్టకు భారీ ధర పలికింది. ఆయన పేరుతో 1912లో ఏర్పాటైన కంపెనీ కొన్నేళ్లకే దివాలా తీసింది.

ముళ్లు లేని రకాలు మెక్సికోలో, మధ్యధరా తీరంలో అప్పటికే సాగులో ఉన్నాయన్నది అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రవేత్త డేవిడ్ గ్రిఫిత్స్ వాదన. అందులో నిజముంది. బర్బాంక్ రకాలకు ప్రధాన మూలమైన ఒపుంటియా ఫైకస్-ఇండికా మెక్సికోలో వేల ఏళ్లుగా మనుషుల పెంపకంలో ఉన్న మొక్క. పేరులోని ‘ఇండికా’కు భారతదేశంతో సంబంధం లేదు. యూరోపియన్లు ఒకప్పుడు ‘ఇండీస్’ అని పిలిచిన అమెరికా ప్రాంతాలనే అది సూచిస్తుంది. ఈ జాతి సుమారు మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర చచ్చిపోతుంది. లేత మట్టలు అంతకు ముందే దెబ్బతింటాయి. కాలిఫోర్నియా తీరంలో పచ్చగా నిలిచిన మొక్క ఉత్తరాది శీతకాలానికి పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ఆసక్తికరమేమిటంటే, చలికి నిలిచే ముళ్లులేని రకాన్ని 1910లో శాస్త్రీయంగా వర్ణించింది ఆ గ్రిఫిత్సే. దాని పేరు ఒపుంటియా ఎలిసియానా. ఇది దక్షిణ టెక్సాస్‌లో పెంపకంలో కనిపించిన మొక్క. కొందరు దీన్ని వేరే జాతిగా కాక, అక్కడి అడవి నాగజెముడులో ఒక సాగు రకంగానే పరిగణిస్తారు. నర్సరీల్లో రెండు మూడు పేర్లతో ఇది కనిపించడానికి ఈ భేదాభిప్రాయమే కారణం. 1989 డిసెంబరులో దక్షిణ టెక్సాస్‌ను కుదిపిన చలిలో కింగ్స్‌విల్ విశ్వవిద్యాలయ ప్రయోగ క్షేత్రంలోని ఫైకస్-ఇండికా రకాలు తీవ్రంగా దెబ్బతినగా, ఎలిసియానా నిలిచింది. అయితే దీని ఎదుగుదల నెమ్మది. ఏటా పశుగ్రాసం కావాలనుకునే రైతుకు అది లోపమే. పెరటితోటకు మాత్రం అది మేలే, మొక్క అదుపులో ఉంటుంది.

2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. టెక్సాస్ నగరాల్లో అలంకరణకు పెంచిన ఫైకస్-ఇండికా మొక్కలు ఎన్నో ఆ వారంలో మెత్తబడి కూలిపోయాయి. డాలస్ శివార్లలో ఇళ్లు కట్టుకున్న తెలుగు కుటుంబాలు సహా అక్కడ తోటలు పెంచేవారు మొక్క పేరును సరిచూసుకోవాల్సిన అవసరాన్ని ఆ వారం బలంగా గుర్తుచేసింది.

మరింత చలికి ఏవి?

ఎలిసియానా కూడా ఆగిపోయే చోట ఒపుంటియా హ్యూమిఫ్యూసా పనికొస్తుంది. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో సహజంగా పెరిగే ఈ నేలబారు మొక్క, చలికి అలవాటుపడ్డాక సుమారు మైనస్ 24 డిగ్రీల వరకు బతుకుతుందని ప్రయోగాలు చూపాయి. చాలా మొక్కలకు పెద్ద ముళ్లు తక్కువ, కొన్నిటికి అసలే ఉండవు. నైరుతి ఎడారుల బాసిలారిస్ జాతికీ పెద్ద ముళ్లు ఉండవు. నీలి-బూడిద రంగు మట్టలు, గులాబీ పూలతో అందంగా ఉంటుంది కానీ శీతకాలపు తడిని అది సహించదు. కెనడా వరకు విస్తరించి అన్నిటికన్నా ఎక్కువ చలిని తట్టుకునేది ఫ్రాజిలిస్. అది ముళ్ల మొక్కే, పైగా తాకితే మట్టలు ఊడి బట్టలకు అంటుకుంటాయి.

ఇక్కడే కొనుగోలుదారులు మోసపోయే అసలు విషయం ఉంది. ‘ముళ్లు లేనిది’ అంటే పెద్ద ముళ్లు లేవని మాత్రమే. మట్టపై వరుసగా కనిపించే చుక్కల్లో, వెంట్రుకకన్నా సన్నని నూగుముళ్లు గుత్తులుగా ఉంటాయి. వాటి అంచులకు వెనక్కి తిరిగిన కొక్కేలు ఉండటంతో చర్మంలోకి సులువుగా దిగి, బయటకు రావడానికి మొరాయిస్తాయి. పిల్లలు తిరిగే పెరట్లో పెద్ద ముల్లుకన్నా ఇవే ఎక్కువ బాధపెడతాయి. మన నర్సరీల్లోనూ కుందేలు చెవుల ఆకారంతో ముద్దుగా కనిపించే మైక్రోడేసిస్ ఇందుకు చక్కని ఉదాహరణ. దానికి పెద్ద ముల్లు ఒక్కటీ ఉండదు, నూగుముళ్లు మాత్రం లెక్కలేనన్ని. ఎలిసియానాలో నూగుముళ్లు చాలా తక్కువ. బాసిలారిస్‌లో దండిగా ఉంటాయి. హ్యూమిఫ్యూసా కూడా వాటికి మినహాయింపు కాదు. కొనే ముందు చుక్కలను భూతద్దంతో పరిశీలించడం ఉత్తమం. చేతికి గుచ్చుకుంటే రుద్దకుండా ముందు పట్టకారుతో తీయాలి.

విత్తనం కొనడమూ పొరపాటే. ముళ్లు లేకపోవడం విత్తనం ద్వారా నమ్మకంగా సంక్రమించదు, మొలకల్లో ముళ్లు తిరిగి రావచ్చు. తల్లి మొక్క గుణం యథాతథంగా కావాలంటే మట్టనే తేవాలి. ఆ తల్లి మొక్క ఏ ఊళ్లో, ఆరుబయట ఎన్ని శీతకాలాలు గడిపిందన్నది అమ్మకందారును అడగాల్సిన మొదటి ప్రశ్న. గ్రీన్‌హౌస్‌లో పెరిగిన మొక్కపై అతికించిన చీటీకి పెద్ద విలువ లేదు.

చలికన్నా తడి ప్రమాదం

శరదృతువులో పగళ్లు తగ్గి చలి పెరిగేకొద్దీ చలిజాతుల మట్టలు నీటిని కోల్పోయి ముడతలు పడతాయి, నేలకు వాలతాయి. కణాల్లో చక్కెరల సాంద్రత పెరగడం, జిగురు నీటిని పట్టి ఉంచడం వల్ల కణాల లోపల మంచు కట్టదు. కొత్తగా పెంచేవారు ఈ వాడిన రూపాన్ని చూసి కంగారుపడి నీరు పోస్తారు. మొక్కను చంపేది చాలాసార్లు ఆ నీరే. వేసవి చివరి నుంచి నీరు తగ్గించి, ఎత్తైన మడిలో ముతక ఇసుక, కంకర కలిపిన మట్టిలో, దక్షిణం వైపు గోడ వారగా నాటితే సగం పని అయినట్లే. మట్టను నాటే ముందు కోసిన భాగం ఎండి గట్టిపడేలా వారం రెండు వారాలు నీడలో ఉంచాలి. వసంతం చివర నాటితే చలి వచ్చేలోగా వేళ్లు కుదురుకుంటాయి.

ఎక్కడ పడితే అక్కడ నాటరాదు

ఆస్ట్రేలియాలో నాగజెముడు 1920ల నాటికి సుమారు 2.4 కోట్ల హెక్టార్లను ఆక్రమించింది. అర్జెంటీనా నుంచి తెచ్చిన కాక్టోబ్లాస్టిస్ పురుగును 1926 నుంచి వదిలాక గానీ అది లొంగలేదు. నేటికీ అక్కడ ఫైకస్-ఇండికా మినహా ఒపుంటియా జాతులపై ఆంక్షలున్నాయి. అదే పురుగు 1989లో ఫ్లోరిడాలో కనిపించి, ఇప్పుడు అమెరికా సహజ జాతులకే ముప్పుగా మారింది. భారతదేశానికీ ఇలాంటి అనుభవం ఉంది. ఎర్ర రంగునిచ్చే కొచినీల్ పురుగు అనుకుని 1795లో బ్రెజిల్ నుంచి కలకత్తాకు తెచ్చినది వేరే జాతి. దాంతో రంగు వ్యాపారం సాగలేదు కానీ, అది ఒక రకం నాగజెముడును తినేసింది. దక్షిణాదిన మిగిలిన మరో జాతిని అదుపు చేయడానికి 1926లో శ్రీలంక నుంచి ఇంకో కొచినీల్ పురుగును రప్పించారు.

ఇందుకు భిన్నంగా ఇప్పుడు పొడి భూముల్లో పశుగ్రాసం కోసం ముళ్లు లేని రకాలను దేశంలో ప్రోత్సహిస్తున్నారు. ఝాన్సీలోని భారతీయ గడ్డిభూముల, పశుగ్రాస పరిశోధన సంస్థ, మధ్యప్రదేశ్‌లోని అమ్లాహాలో ఉన్న ఇకార్డా కేంద్రం వీటిపై పనిచేస్తున్నాయి. విదేశాల నుంచి మట్టలను సామానులో తెచ్చుకోవడం మాత్రం చట్టవిరుద్ధం. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఎగుమతి దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం రెండూ తప్పనిసరి. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నందున, ఆయా జాతిని బట్టి ఆ పత్రం కూడా అవసరమవుతుంది.