హమ్మర్ కథ: తిట్టింది బండినా, మనిషినా?

ఈ రోజు ఎపిసోడ్ ఒక గీతతో మొదలవుతుంది.

మా పెదనాన్నగారబ్బాయి, మా అన్నయ్య, పోయిన దసరాకి ఒక పెద్ద ఎస్‌యూవీ కొన్నాడు. కంపెనీ పేరు వద్దు. తెల్ల బండి, ఏడు సీట్లు, అంతే. పన్నెండేళ్లు చిన్న హ్యాచ్‌బ్యాక్ నడిపిన మనిషి. బండి ఇంటికొచ్చిన వారంలోనే అపార్ట్‌మెంట్‌లో సీన్ మారిపోయింది. అంతకుముందు తలెత్తి కూడా చూడని వాచ్‌మన్ లేచి సెల్యూట్ కొడుతున్నాడు. అసోసియేషన్ మీటింగ్‌లో అన్నయ్య మెయింటెనెన్స్ గురించి నోరు విప్పితే "మీకేంటి లెండి, ఉన్నోళ్లు" అంటున్నారు. నెల తిరక్కుండానే సెల్లార్‌లో ఎవరో డ్రైవర్ వైపు డోర్ మీద మేకుతో మూరెడు గీత గీశారు.

"ఏరా, ఈఎంఐ కట్టేది నేను, నడుం నొప్పి నాది. నేనెవర్నేమన్నాన్రా?" అన్నాడు నాతో.

నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే నేనూ ఆ బాపతే. ఓఆర్ఆర్ మీద వెనక నుంచి పెద్ద బండి లైట్లు కొడితే, లోపల ఎవరున్నారో చూడకుండానే "ఎవడో లీడర్ తాలూకు" అని ఫిక్సయిపోతాను. మన సినిమాలు చూసి పెరిగినవాళ్లం కదా. తెల్ల సుమోలు నాలుగు వరుసగా దుమ్ము లేపుకుంటూ వస్తే దిగేది విలన్ మనుషులే అని చిన్నప్పుడే మనకి ఎక్కించేశారు. ఆ సుమోలో పెళ్లివాళ్లు కూడా వస్తారని ఏ డైరెక్టరూ చూపించలేదు.

సో, బండిని చూసి మనిషిని లెక్కగట్టడం ఎంత దూరం వెళ్లగలదో చూద్దామని కూర్చున్నా. కూర్చుంటే దొరికిన కథ హమ్మర్. ఒక బండి మీద జనం ఇంత ప్రేమ, ఇంత ద్వేషం ఒకేసారి కురిపించిన సందర్భం కార్ల చరిత్రలో చాలా తక్కువ.

మొదలు సైన్యం దగ్గర. 1983లో ఏఎం జనరల్ అనే కంపెనీకి అమెరికన్ ఆర్మీ 55,000 బండ్ల కాంట్రాక్టు ఇచ్చింది, విలువ సుమారు 120 కోట్ల డాలర్లు. ఆ బండికి ఆర్మీ పెట్టిన పేరు పలకడానికే రెండు నిమిషాలు పడుతుంది, అందుకే సైనికులు దాన్ని 'హమ్‌వీ' చేసేశారు. 1991 గల్ఫ్ యుద్ధంలో సీఎన్ఎన్ పుణ్యమా అని ఎడారిలో దూసుకుపోతున్న హమ్‌వీలు ప్రతి ఇంటి టీవీలోకీ వచ్చాయి.

ఇక్కడ ఎంటరవుతాడు మన టెర్మినేటర్, ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్. 1990లో 'కిండర్‌గార్టెన్ కాప్' షూటింగ్ కోసం ఆరెగాన్‌లో ఉన్నప్పుడు రోడ్డు మీద హమ్‌వీల కాన్వాయ్ చూశాడు. చూసి మనసు పారేసుకున్నాడు. ఇది నాకు కావాలి, జనానికి కూడా అమ్మండి అని కంపెనీ వెంట పడ్డాడు. 1992లో సివిలియన్ హమ్మర్ మార్కెట్లోకి వచ్చింది. అసలు అది కారు కాదండీ. 2 మీటర్ల పైన వెడల్పు, లోపల డ్రైవర్‌కీ పక్క సీటుకీ మధ్య డైనింగ్ టేబుల్ అంత ఖాళీ, డీజిల్ మోత. కొనేవాళ్లు తక్కువ, చూసి నోరెళ్లబెట్టేవాళ్లు ఎక్కువ. ఆ దశలో దాని మీద ద్వేషమేమీ లేదు. సర్కస్ ఏనుగుని చూసినట్టు చూసేవాళ్లు.

కథ అడ్డం తిరిగింది 1999 చివర్లో. జనరల్ మోటార్స్ ఆ బ్రాండ్ హక్కులు తీసుకుంది. 2002లో హెచ్2 వచ్చింది, ధర 50 వేల డాలర్లకు కాస్త అటూ ఇటూ. ఇప్పుడు నా పాత ఉద్యోగం భాషలో చెప్తా. హెచ్2 బ్యాకెండ్ అంతా అదే కంపెనీ పికప్‌లదీ, షెవర్లే టాహో కుటుంబానిదీ. ఫ్రంటెండ్ మాత్రం మిలిటరీ. ఛాసిస్ అక్కడిదే, 6 లీటర్ల వీ8 ఇంజన్ అక్కడిదే, పైన పెట్టిన చొక్కా మాత్రం యుద్ధానిది. టాహో కూడా పెట్రోల్ గటగటా తాగేదే. కానీ టాహో నడిపే అమ్మకి పిల్లల స్కూల్ దగ్గర ఎవరూ వేలు చూపించలేదు. హెచ్2 నడిపే అమ్మకి చూపించారు. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, మిగతా ఎపిసోడ్ అంతా దాని చుట్టూనే.

టైమింగ్ చూడండి. 2001 సెప్టెంబర్ 11 దాడులు అయ్యాక, 2003 మార్చిలో ఇరాక్ యుద్ధం మొదలయ్యే ముందు వచ్చింది బండి. టీవీలో మళ్లీ హమ్‌వీలు. దేశం మొత్తం జెండాలు కట్టుకు తిరుగుతోంది. ఆ మూడ్‌లో హెచ్2 కొనడమంటే చాలామందికి జెండా కట్టుకున్నట్టే. 2003లో అమెరికాలో సుమారు 34,500 హెచ్2లు అమ్ముడయ్యాయి.

జెండా ఒక్కటే కాదు, ట్యాక్స్ కూడా ఉంది. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే కోపం వెనక అసలు ఇంధనం ఇదే అని నా అనుమానం. రైతులు, చిన్న వ్యాపారులు పని కోసం కొనే బరువైన ట్రక్కుల ఖర్చుని ఆదాయంలోంచి తీసేసి చూపించుకోవచ్చని అమెరికాలో రూల్ ఉంది. మామూలు కార్లకి దాని మీద గట్టి పరిమితి. కానీ బండి లోడ్‌తో కలిపి 6,000 పౌండ్లు, అంటే సుమారు 2,700 కిలోలు దాటితే ఆ పరిమితి వర్తించదు. 2003లో బుష్ ప్రభుత్వం ఈ తగ్గింపుని 25,000 నుంచి లక్ష డాలర్లకు పెంచింది. అంతే, హెచ్2 రాత్రికి రాత్రి 'వ్యవసాయ ట్రక్కు' అయిపోయింది. డాక్టర్లు, రియల్ ఎస్టేట్ ఏజెంట్లు, లాయర్లు, వ్యాపారానికే వాడుతున్నాం అని రాసుకుంటే బండి ధర మొత్తం ఒకే ఏడాది లెక్కలోంచి కొట్టేసుకోవచ్చు. చిన్న కారు కొన్న టీచర్‌కి మాత్రం ఏమీ లేదు. జనం గోల పెడితే 2004 అక్టోబర్‌లో ఎస్‌యూవీల వరకు దాన్ని మళ్లీ 25,000కి దించారు.

ఇంకో తమాషా. లోడ్‌తో 8,500 పౌండ్లు దాటిన బండ్లకి మైలేజీ స్టిక్కర్ అంటించాల్సిన పని అప్పట్లో లేదు. హెచ్2 ఆ గీత దాటింది. అంటే షోరూంలో అన్ని కార్ల మీదా లీటరుకెంత అని రాసుంటుంది, అన్నిటికంటే ఎక్కువ తాగేదాని మీద ఏమీ ఉండదు! టెస్టు చేసినవాళ్లకి గ్యాలన్‌కి 10 మైళ్లు అటూ ఇటూ వచ్చేది, అంటే లీటరుకి 4 కిలోమీటర్ల పైచిలుకు.

ఇప్పుడు కోపం వైపు వద్దాం. 2002 నవంబర్‌లో కొందరు క్రైస్తవ పర్యావరణవాదులు "ఏసు ఉంటే ఏ కారు నడిపేవాడు?" అని ప్రచారం మొదలెట్టారు. 2003 జనవరిలో అరియానా హఫింగ్టన్ బృందం, ఎస్‌యూవీ కొంటే ఆ పెట్రోల్ డబ్బు టెర్రరిస్టులకి చేరుతుంది అనే అర్థంలో టీవీ యాడ్స్ వేసింది. అంటే ఒకడి దృష్టిలో దేశభక్తి, ఇంకొకడి దృష్టిలో దేశద్రోహం, బండి మాత్రం ఒకటే. అదే ఏడాది ఇంకో సైట్ వచ్చింది. రోడ్డు మీద హెచ్2 కనిపిస్తే దానికి మధ్యవేలు చూపిస్తూ ఫొటో దిగి పంపాలి. వేలల్లో పంపారు. రీల్స్ లేవు, స్మార్ట్‌ఫోన్లు లేవు, అయినా ట్రెండ్ చేశారు.

అక్కడితో ఆగలేదు. 2003 ఆగస్టు 22 తెల్లవారుజామున లాస్ ఏంజెలెస్ దగ్గర వెస్ట్ కోవీనాలో హమ్మర్ డీలర్‌షిప్‌కి నిప్పు పెట్టారు. చుట్టుపక్కల షోరూంలతో కలిపి వందకు పైగా బండ్లు కాలిపోవడమో, రంగు చల్లి పాడుచేయడమో జరిగింది. గోడల మీద, బండ్ల మీద 'ఈఎల్ఎఫ్' అని ఒక తీవ్ర పర్యావరణ సంస్థ పేరు రాశారు. ఈ కేసులో దొరికింది క్యాల్‌టెక్‌లో ఫిజిక్స్ పీజీ చేస్తున్న కుర్రాడు. 8 ఏళ్లకు పైగా శిక్ష పడింది. భూమిని కాపాడటానికి అన్ని టైర్లు, అంత పెయింటు కాల్చి గాల్లోకి వదిలారు. ఆ లెక్క ఏ ఫిజిక్స్‌లో కుదురుతుందో మరి.

2007 జూలైలో వాషింగ్టన్‌లో ఒకాయన హమ్మర్ కొని ఐదు రోజులే అయింది. ఇంటి ముందు పార్క్ చేసిన బండి అద్దాలు పగలగొట్టి, టైర్లు కోసి, పర్యావరణం కోసం అని డోర్ మీద గీకి వెళ్లారు. ఇది చదివినప్పుడు మా అన్నయ్య డోరే గుర్తొచ్చింది. కనీసం అక్కడ కారణం రాసిపోయారు.

సరే, ఓనర్లు ఏమనుకున్నారు? కొందరు మార్కెటింగ్ ప్రొఫెసర్లు హమ్మర్ ఓనర్లతో కూర్చుని మాట్లాడి, 2010లో 'జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రీసెర్చ్'లో ఒక పరిశోధన ప్రచురించారు. నాకు షాకిచ్చిన విషయం ఏంటంటే, వాళ్లలో చాలామంది తాము తప్పు చేస్తున్నాం అనుకోవడం లేదు, పైగా తాము అమెరికన్ విలువలని కాపాడుతున్నాం అనుకుంటున్నారు. స్వేచ్ఛ, సరిహద్దులు దాటి కొత్త దారులు వేసిన పాతతరం, నా కష్టం నా ఇష్టం, ఈ లైన్ అన్నమాట. ఎవరైనా తిడితే కుంగిపోలేదు, ఇంకా బిగుసుకున్నారు. తిట్టేవాళ్లకి వీళ్లు విలన్లు, వీళ్లకి తిట్టేవాళ్లు విలన్లు. ఇద్దరూ హీరోలే, ఎవరి సినిమా వాళ్లది. పనిచేసినవాళ్లూ ఉన్నారు, మాటవరసకి కాదు. హమ్మర్ క్లబ్ సభ్యులు రెడ్‌క్రాస్‌తో కలిసి విపత్తుల్లో సాయం చేయడానికి ట్రైనింగ్ తీసుకున్నారు.

కంపెనీ మాత్రం ఈ గొడవ మీద చలి కాచుకుంది. 2006లో హెచ్3 అనే చిన్న హమ్మర్‌కి ఒక యాడ్ వేశారు. సూపర్‌మార్కెట్ క్యూలో ఒకతను టోఫూ, కూరగాయలు కొంటుంటాడు. వెనకాల ఉన్నవాడి ట్రాలీ నిండా మాంసం. మొదటివాడు మొహం చిన్నబుచ్చుకుని నేరుగా షోరూంకి వెళ్లి హమ్మర్ కొనేస్తాడు. పోయిన మగతనం తెచ్చుకో అనే అర్థంలో మొదట క్యాప్షన్ పెట్టి, విమర్శలొస్తే మార్చారు. ఆలోచించండి, ఓనర్లని ఇంతకంటే ఎవరైనా అవమానించగలరా? మధ్యవేలు చూపించినవాళ్లు కూడా ఇంత అనలేదు. నీలో ఏదో లోటుంది కాబట్టే ఇది కొంటున్నావు అని అమ్మేవాడే చెప్తున్నాడు. అయినా 2006లో అన్ని మోడల్సూ కలిపి 71 వేల పైన అమ్ముడయ్యాయి.

ఆర్నాల్డ్ సంగతి చెప్పకపోతే కథ పూర్తవదు. ఆయన 2003 నవంబర్‌లో కాలిఫోర్నియా గవర్నర్ అయ్యాడు. హమ్మర్లతో పర్యావరణమా అని అందరూ ఎక్కిరించారు. 2004లో హైడ్రోజన్‌తో నడిచే హెచ్2 పక్కన నిలబడి ఫొటోలు దిగాడు. 2006లో మాత్రం నిజంగా పని చేశాడు. రాష్ట్రం కాలుష్య వాయువుల్ని 2020కల్లా 1990 స్థాయికి దించాలనే చట్టం మీద సంతకం పెట్టాడు. గ్యారేజీని బట్టి అంచనా వేసినవాళ్లు ఈ సంతకాన్ని ముందే ఊహించి ఉండరు.

తర్వాత పతనం వేగంగా జరిగింది. 2008 జూలైలో క్రూడ్ బ్యారెల్ 147 డాలర్లు తాకింది, పెట్రోల్ గ్యాలన్ 4 డాలర్లు దాటింది. వెంటనే ఆర్థిక మాంద్యం. 2009 జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసింది. ఆ ఏడాది అమెరికాలో అమ్మిన హమ్మర్లు 9 వేలకు కాస్త అటూ ఇటూ. చైనాలోని సిచువాన్ టెంగ్‌ఝాంగ్ అనే కంపెనీ కొనడానికి ముందుకొచ్చింది, వాళ్ల ప్రభుత్వ అనుమతి రాక 2010 ఫిబ్రవరిలో డీల్ పోయింది. బ్రాండ్ మూతపడింది. గమనించారా, దాన్ని ఆపింది వేలూ కాదు, నిప్పూ కాదు. పెట్రోల్ బిల్లు.

అక్కడ చచ్చిపోతున్న టైంకి ఇక్కడ మనకి అది కల. 2009లో ధోనీ హెచ్2 కొంటే రాంచీలో దాని వెనక పరిగెత్తిన జనాన్ని టీవీలో చూశాం. నేను అప్పుడు స్కూల్లో ఉన్నా, నోట్‌బుక్ వెనక పేజీలో ఆ ఏడు గీతల గ్రిల్ బొమ్మ వేసుకున్నా. అమెరికాలో అదే గ్రిల్‌కి మధ్యవేలు చూపిస్తున్నారని నాకేం తెలుసు.

ఇప్పుడది మళ్లీ వచ్చింది, ఎలక్ట్రిక్ అయ్యి. 2020 అక్టోబర్‌లో చూపించారు, 1,12,595 డాలర్ల మొదటి ఎడిషన్ బుకింగ్‌లు పది నిమిషాల్లో నిండిపోయాయి. పొగ లేదు. కానీ బరువు 4,000 కిలోలు దాటింది. ఒక్క బ్యాటరీయే సుమారు 1,300 కిలోలు, అంటే మన స్విఫ్ట్ కంటే ఎక్కువ. 2023 జనవరిలో అమెరికా రవాణా భద్రతా బోర్డు అధ్యక్షురాలు జెన్నిఫర్ హోమెండీ ఇదే హమ్మర్‌ని ఉదాహరణగా చూపించి, ఇంత బరువు బండి మామూలు కారుని గుద్దితే ఏంటి పరిస్థితి అని అడిగారు. నాకు ఆ ప్రశ్న పాత మధ్యవేలు ఫొటోల కంటే చాలా నచ్చింది. అందులో బండి ఉంది, అంకె ఉంది. నడిపేవాడి గుణగణాల గురించి ఒక్క మాట లేదు.

మా అన్నయ్య ఆ డోర్‌కి ఇంకా పెయింట్ వేయించలేదు. సెల్లార్‌లో సీసీ కెమెరా పెట్టిద్దాం అని మీటింగ్‌లో అడిగితే, ఖర్చు మీరే పెట్టుకోండి, ఉన్నోళ్లు కదా అన్నారట. పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ కెమెరా అందరి బండ్లనీ కాపలా కాస్తోంది. పోయిన వారం పక్క ఫ్లాట్ ఆయన స్కూటీకి ఎవరో డాష్ ఇస్తే, ఫుటేజ్ కోసం వచ్చి బెల్ కొట్టింది మా అన్నయ్య ఇంటికే. "కాఫీ తాగుతారా అని అడిగాన్రా, తాగాడు" అన్నాడు.