సేనాధికారుల నెన్నుకొను విధము



సైన్యములో సిపాయిగా చేరుట వేఱు, అధికారిగా చేరుట వేఱు. సిపాయికి కావలసిన ఎత్తు, రొమ్ముకొలత, పరుగు మొదలైనవి మన పల్లెలవారు చక్కగా ఎఱుగుదురు. అధికారి పదవికై పోవు పిల్లవానిని ఐదు దినములు ఒకచోట నుంచి యేమి చూచెదరో మాత్రము చాలమందికి తెలియదు. అందుచేత ఈ విషయమై నన్నడిగిన పెద్దలలో పలువురు రెండే ప్రశ్నలు వేయుచుందురు. అచ్చట మన పిల్లవానిని గూర్చి ఒక మాట చెప్పగలవారెవరు? ఏ పుస్తకము కంఠస్థము చేయింపవలెను? ఈ ప్రశ్నలను చూచి నవ్వుట తగదు. మొదటిది ఒకప్పుడు సరియైన ప్రశ్నయే. అది ఎప్పుడు, ఏల సరికాకపోయెనో ఈ ప్రసంగమున చెప్పదలచితిని.

కుంఫిణీ కాలమునుండి మన సేనలో దేశీయునకు దక్కు పైమెట్టు సుబేదారు మేజరు పదవియే. ముప్పదియేండ్లు కొలువుచేసి, గాయములు పడి, తల నెరసిన సుబేదారు సయితము నిన్న మొన్న సీమనుండి దిగిన కుఱ్ఱదొరకు సలాము చేయవలసినదే. మొదటి ప్రపంచ యుద్ధము జరుగుచుండగా 1917వ సంవత్సరమున భారతీయులకును రాజుగారి కమిషను, అనగా పూర్తి అధికారి పదవి, ఈయవచ్చునని ప్రభుత్వమువా రొప్పుకొనిరి. మఱుసటి యేట ఇంగ్లండులోని సాండ్‌హర్స్టు సైనిక కళాశాలలో ఏటికి పది స్థానములు మనవారికి కేటాయింపబడెను. ముప్పదికోట్ల జనమునకు పది స్థానములు!

ఆ పదిమందిని ఏరుటెట్లు? దరఖాస్తు జిల్లా అధికారులనుండి రాష్ట్ర ప్రభుత్వమునకును, అటనుండి వైస్రాయి సన్నిధికిని పోవలెను. అడుగడుగున పెద్దదొరలు పిల్లవానిని పిలిచి మాటలాడుదురు. ఆ మాటలలో ఎన్ని ప్రశ్నలున్నను మూలమైన ప్రశ్న ఒక్కటే: నీవెవరి కుమారుడవు? తండ్రి సైన్యమున పనిచేసెనా, వంశమునకు రాజభక్తి గలదా, భూవసతి యెంత, చదివినది దొరబిడ్డల బడియేనా? అట్టి చోట సిఫారసు ఉత్తరమునకు మించిన విద్య ఏమున్నది?

ఈ ప్రశ్న తెలుగువారికి గొడ్డలిపెట్టయ్యెను. పదునెనిమిదవ శతాబ్దమున మద్రాసు సేనలో సర్కారు పటాలములని పేరుగలవి యుండెను. మన జిల్లాల పేరే వానికి పెట్టిరి. కాని 1857 తరువాత, అందును 1880 దాటిన పిమ్మట, యుద్ధజాతులను సిద్ధాంతమొకటి ప్రబలెను. 1881 మొదలు 1885 వఱకు మద్రాసు సేనాధిపతిగా నుండిన రాబర్ట్సు దొర, తరువాత యావద్భారత సేనాధిపతియై, దక్షిణాది సిపాయిపై తనకు నమ్మకము లేదని తేల్చెను. పంజాబునను, నేపాళమునను కొత్తవారిని చేర్చుకొనిరి. ఇచటి పటాలములు ఒకదానివెంట నొకటి అంతరించెను. 3వ మద్రాసు రెజిమెంటును సయితము 1928లో రద్దుచేసిరి. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినగాని మద్రాసు రెజిమెంటు మరల పుట్టలేదు. ఇంక తెలుగు పిల్లవాడు దొర యెదుట నిలిచి, మా తాత ఫలానా పటాలపు సుబేదారు అని యెట్లు చెప్పగలడు? తాతను సిపాయి కానీయనిది వారే. తాత సిపాయి కాలేదని మనుమని వెనుకకు పంపినదియు వారే.

1925లో నియమింపబడిన స్కీన్ సంఘము ఈ దేశముననే ఒక సైనిక కళాశాల స్థాపింపవలెనని సలహా చెప్పెను. 1932 అక్టోబరులో డెహరాడూనునందు నలువదిమందితో అది తెఱవబడెను. ఆ నలువదిమందిలో పదునైదుగురు బహిరంగ పరీక్షలో గెలిచి వచ్చినవారు. వారిలో ఆఱవ స్థానము పొందిన అమృతసరపు యువకుడే తరువాత ఫీల్డు మార్షలైన మానెక్‌షా. ఇది పెద్ద మార్పే. అయినను పరీక్ష వ్రాసి గెలిచినవానిని మరల కొందఱు పెద్దలు బల్లకు ఆవల కూర్చుండి చూచుట మానలేదు.

ఆ బల్లను పడగొట్టినది న్యాయబుద్ధి కాదు, యుద్ధావసరము. రెండవ ప్రపంచ యుద్ధము మొదలైనప్పుడు ఇంగ్లండులో సైతము అరగంటకు మించని మాటలతోనే అధికారులను ఏరుచుండిరి. చదివిన బడి, తండ్రి వృత్తి, ఆడిన ఆట, ఇంతే. అట్లు ఎన్నికైనవారిలో పలువురు శిక్షణాలయములందే తప్పిపోవుచుండిరి. కొందఱు యుద్ధభూమిలో మనసు చెదరి తిరిగివచ్చిరి. కులీనులకే పదవులిచ్చుచున్నారని పార్లమెంటులో సైతము అలజడి పుట్టెను. అప్పుడు సర్ రొనాల్డు ఆడమ్ అను సేనాని మానసిక వైద్యులను పిలిచి, 1942లో ఎడిన్‌బరోయందు క్రొత్తరకపు ఎన్నికసంఘమును నెలకొల్పించెను. ఇట్టి పరీక్షలను జర్మనులు అంతకుముందే పెట్టిరి. వింత యేమనగా, వారి పదాతిసైన్యము మానసిక పరీక్షలను విడిచిపెట్టినది ఆ 1942లోనే.

ఈ క్రొత్త పరీక్షలలో నాకు మిక్కిలి గొప్పదిగా తోచునది విల్‌ఫ్రెడ్ బయాన్ అను వైద్యుడు కల్పించినది. ఈయన మొదటి యుద్ధమున టాంకుదళములో అధికారిగా పోరాడినవాడు. ఎనిమిదితొమ్మిది మందిని ఒకచోట చేర్చి, ఒక వంతెన కట్టుడనియో బరువొకటి దాటింపుడనియో చెప్పి ఊరకుందురు. నాయకుని నియమింపరు. ఉపాయము చెప్పరు. ప్రక్కన నిలిచి చూచుచుందురు. ప్రతివాడును తానే ఎన్నిక కావలెనని వచ్చినవాడు. కాని తోడివారి చేయి కలియనిదే ఎవని శక్తియు బయటపడదు. తన్ను చూపుకొనవలెనను కోరికయు, పని నెగ్గవలెనను కోరికయు వాని మనసున పెనుగులాడును. బయాన్ చూడగోరినది ఆ పెనుగులాటనే.

ఇది మనకు క్రొత్తది కాదు. చెఱువుకు గండిపడిన రాత్రిని తలచుకొనుడు. గట్టుమీద నిలిచి కేకలు వేయువాడొకడు. ఇంటికి పోయి తాటిమొద్దులు తెచ్చువాడొకడు. ఎవరును చెప్పకయే నీటిలో దిగి, ప్రక్కవాడు బస్తా వేయు వఱకు మేకును పట్టుకొని నిలుచువాడొకడు. పిమ్మట నలుగురును ఎవనిమాట విందురో, గండి పూడకముందే ఊరికి తెలిసిపోవును. వాని తండ్రి యెవడని ఆ రాత్రి అడిగినవాడుండడు.

మన దేశమున ఇట్టి సంఘమును 1943లో డెహరాడూనునందు ప్రయోగముగా పెట్టిరి. యుద్ధారంభమున వందలలోనున్న భారతీయాధికారులు యుద్ధాంతమునకు వేలైరి. వేలమందిని వంశవృక్షములు చూచి ఏరుట సాధ్యముకాదు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను ఈ పద్ధతియే నిలిచెను. 1949లో దీనికై మానసిక పరిశోధన శాఖయొకటి ఏర్పడెను; అదియే పెరిగి పెరిగి 1982లో ప్రత్యేక పరిశోధనసంస్థ అయ్యెను.

నేడు జరుగు క్రమము ఇది. మొదటి దినమున బుద్ధిపరీక్షయు, ఒక చిత్రమును చూచి కథ వ్రాసి దానిని పదిమందితో చర్చించుటయు. అందు తప్పినవారిని ఆ దినమే పంపివేయుదురు. తరువాత పండ్రెండు చిత్రములు: ఒక్కొక్కటి అర నిమిషము చూచి, నాలుగు నిమిషములలో కథ వ్రాయవలెను. కడపటిది వట్టి తెల్లని పలక. అఱువది మాటలు ఒక్కొక్కటిగా చూపుదురు. పదునైదు సెకనులలో తోచిన వాక్యము వ్రాయవలెను. కంఠస్థము చేసిన కథలు ఇక్కడ బెడిసికొట్టును. ఇరువదిమంది ఒకే వీరుని కథ వ్రాసినచో చదువువానికి తెలియకుండునా? మైదానమున పలక, త్రాడు, దూలము ఇచ్చి అడ్డంకులు దాటుమందురు. ఎఱ్ఱరంగు పూసినచోట కాలు మోపరాదు. ఇది బయాన్ పరీక్షకు మనుమరాలు.

వీనితోపాటు ముఖాముఖి సంభాషణ యొకటి. ఇక్కడ తండ్రి వృత్తిని నేటికిని అడుగుదురు. అది చూచి పాతరోజులే యున్నవని కొందఱనుకొందురు. అడుగుట అదే గాని అర్థము వేఱు. తండ్రి రైతని చెప్పినవానిని, ఎన్ని యెకరములు, నీరు ఏ కాలువది, ఈయేడు పంటకు పెట్టుబడి యెంతయైనదని అడుగవచ్చును. రైతుబిడ్డ అయ్యుండి తడబడినవాడు చిక్కుకొనును. తండ్రి చిన్నరైతైనను లెక్క చెప్పగలిగినవాడు నెగ్గుకొనివచ్చును. ఈ విద్య నేర్పుటకు పట్నపు శిక్షణాలయములకంటె ఇంటి అరుగులే మేలు. శిక్షణాలయములన్నియు మోసమని నేననను. పరీక్ష తీరు తెలుపుటకును, నలుగురిలో మాటలాడు బెరుకు తీర్చుటకును అవి పనికివచ్చును. వేలకువేలు పోసి జవాబులు కొనుట మాత్రము దండుగ. 1962లో స్థాపింపబడిన కోరుకొండ సైనిక పాఠశాలవంటివి చిన్ననాటనే ఈ అలవాట్లు నేర్పుచున్నవి. ఆడపిల్లల మాటయు మఱువరాదు: 1992 మొదలు సైన్యము స్త్రీలను వైద్యశాఖలకు వెలుపలను అధికారులుగా తీసికొనుచున్నది, 2022 నుండి ఖడక్‌వాస్లా అకాడమీలోను వారు చేరుచున్నారు.

ఒక్క లోపము చెప్పక తప్పదు. చర్చలు సామాన్యముగా ఇంగ్లీషులో సాగును. గండిపూడ్చు నేర్పుగల పిల్లవాడు మాట వెదకికొనుచుండగా, పట్నపు పిల్లవాడు నాలుగు వాక్యములు ముందుకు పోవును. వంశమును తీసివేసినచోట భాష వచ్చి కూర్చున్నదని నా యభిప్రాయము. దీనికి మందు మనచేతిలో కొంత యున్నది. పదవ తరగతినుండియే దినమునకొక గడియ ఆ భాషలో బిగ్గరగా మాటలాడించినచో బెరుకు చాలవఱకు పోవును.

ఐదవదినమున పరీక్షకులందఱును ఒక గదిలో కూడుదురు. వ్రాతలు చదివినవాడు, మైదానమున చూచినవాడు, ముఖాముఖి మాటలాడినవాడు, ముగ్గురును అంతవఱకు ఒకరి తీర్పు ఒకరికి తెలియనీయరు. పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి కొలదిమాటలాడి పంపుదురు. తరువాత ఒక అధికారి బయటికి వచ్చి, పేర్లు కాక, రొమ్మున కట్టుకొన్న అంకెలను చదువును. ఒక్కొక్కప్పుడు రెండు మూడు అంకెలు. ఒక్కొక్కప్పుడు ఒక్కటియు లేదు. ఎన్నికైనవారు వైద్యపరీక్షకై నిలిచిపోదురు. తక్కినవారు ఆ సాయంకాలమే రైలెక్కుదురు. వయసు మించనిచో వారిలో చాలమంది మరల వత్తురు.