డెల్టా బిడ్డల ప్రపంచ భూగోళం

1913 మే నెలలో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షత వహించారు. ఆ సభను మనం రాజకీయ చరిత్రలో భాగంగానే చదువుకుంటాం. నా దృష్టిలో అది భూగోళ పాఠం కూడా. అంతకు కాస్త ముందే గుంటూరు యువకులు తెలుగువాళ్లుండే జిల్లాలన్నిటినీ కలిపి ఒక పటం గీయించారు. మద్రాసు రాజధానిలోవీ, నిజాం రాజ్యంలోవీ, అన్నీ ఒకే గీత లోపలికి వచ్చాయి. పటం గీయగానే చర్చ లేచింది. భాష ఒకటైతే ప్రాంతం ఒకటైనట్టేనా? కృష్ణా కాలువ కింద మాగాణి ఉన్నవాడికీ, అనంతపురంలో వాన కోసం మొగులు చూసేవాడికీ కుదిరే లెక్క ఏది? రాయలసీమ, నెల్లూరు వైపు నుంచి వచ్చిన అనుమానాలకు మూలం అక్కడే ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే యూరపు విశ్వవిద్యాలయాలు ఇదే ప్రశ్నతో కుస్తీ పడుతున్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో హెర్బర్ట్‌సన్ 1905లో ప్రపంచాన్ని సహజ మండలాలుగా విభజించి చూపాడు. వాన, వేడి, నేల, పచ్చదనం ఒకే తీరుగా ఉన్న చోట్లను, అవి ఏ ఖండంలో ఉన్నా సరే, ఒక జాతిగా చూడమన్నాడు. ఫ్రాన్సులో విడాల్ డి లా బ్లాష్ మరో దారి పట్టాడు. నేల అవకాశాలు ఇస్తుంది, వాటిలోంచి ఎంచుకునేది అక్కడి మనుషుల బతుకు తీరు అన్నాడు. కళాశాలల్లో ప్రపంచ ప్రాంతీయ భూగోళం అని మనం పిలిచే చదువు ఈ రెండు దారుల కలయికలోంచి పుట్టింది.

మన కృష్ణా డెల్టా తీరం మాత్రం అంతకు ఎన్నో శతాబ్దాల ముందే లోకుల పటాల్లో ఉంది. టాలెమీ దీన్ని మైసోలియా అన్నాడు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లిలో అభయశాసనం వేయించి, తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే పాత అలవాటును మాన్పించాడు. మార్కోపోలో ఆ రేవును తన రాతల్లోకి ఎక్కించాడు. 1611లో ఇంగ్లిషువాళ్ల 'గ్లోబ్' నౌక నేటి రేపల్లె వైపున్న నిజాంపట్నానికి వచ్చింది. అప్పట్లో దాన్ని పెటపోలి అనేవారు. డచ్చివాళ్లు అప్పటికే అక్కడ ఉన్నారు. ఇదంతా బయటివాళ్లు మనల్ని చదివిన కథ. మనం వాళ్ల దేశాలను చదివే రోజు రావడానికి చాలా కాలం పట్టింది.

మధ్యలో ఒక మనిషి దగ్గర ఆగాలి. ఆర్థర్ కాటన్‌ను మన జిల్లాల్లో అన్నదాతగా కొలుస్తారు. ఆయన పద్ధతిని మాత్రం ఎవరూ పాఠంగా చెప్పరు. 1830లలో కావేరి దగ్గర పనిచేసి, తంజావూరు పచ్చగా ఎందుకుందో తెలుసుకున్నాడు. గోదావరి గడ్డకు వచ్చాక 1844 నివేదికలో ఆ రెండు డెల్టాలనూ పక్కపక్కన పెట్టాడు. నది అదే రకం, ఒండ్రు అదే రకం, వాన అంత తేడా లేదు, మరి ఒక చోట సిరి, ఇంకో చోట కరువు ఎందుకు? 1833 నాటి డొక్కల కరువులో గుంటూరు సీమలో లక్షకు పైగా మనుషులు పోయారన్న సంగతి అప్పటికింకా పచ్చిగానే ఉంది. రెండు ప్రాంతాలను పోల్చి, తేడాకు కారణం వెతికి, అది మనిషి చేతిలో ఉన్నదా లేదా అని అడగడమే ప్రాంతీయ భూగోళానికి ప్రాణం. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట వెనుకే కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట వచ్చింది. కెప్టెన్ ఓర్ చేతుల మీదుగా 1855కి అది పూర్తయింది. తెనాలి, రేపల్లె పొలాలు అక్కణ్నుంచి మాగాణులయ్యాయి.

ఇక కళాశాల చదువు. దాని దారి మద్రాసు మీదుగా, ఒక విధంగా రంగూన్ మీదుగా కూడా వచ్చింది. మన దేశంలో రెండు మూడు తరాల విద్యార్థులు చదివిన పెద్ద పుస్తకాలు రెండు. ఒకటి డడ్లీ స్టాంప్ 1929లో ఆసియా మీద రాసినది, రెండోది స్పేట్ 1954లో భారత, పాకిస్తాన్‌ల మీద రాసినది. ఈ ఇద్దరూ వేర్వేరు కాలాల్లో రంగూన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినవాళ్లే. అదే నగరంలో రేవు కూలీల్లో అధిక భాగం తెలుగువాళ్లు. కోరంగీలని పిలిచేవారు. 1930 మేలో వాళ్ల మీద దాడులు జరిగాయి, 1942లో యుద్ధానికి జడిసి వేలాదిగా నడిచి వచ్చేశారు. ఇరావతి డెల్టా గురించి పుస్తకాల్లో చదివిన మన విద్యార్థికి, ఆ డెల్టా ధాన్యాన్ని ఓడల్లోకి మోసింది తన భాషవాళ్లేనని ఆ పుస్తకాలు గట్టిగా చెప్పలేదు. నాకు ఇది పెద్ద లోటుగా తోస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత ఈ శాస్త్రం మన దగ్గర బాగానే వేళ్లూనింది. ఉస్మానియాలో షా మంజూర్ ఆలం హైదరాబాద్, సికిందరాబాద్ జంట నగరాల మీద చేసిన పని 1965లో పుస్తకంగా వచ్చింది. వాల్తేరులో వి.పి. సుబ్రహ్మణ్యం థార్న్‌త్‌వైట్ పద్ధతి ప్రకారం భారతదేశపు శీతోష్ణస్థితులను 1950ల్లోనే వర్గీకరించారు. వర్షం ఎంత పడిందన్నది ఒక్కటే చాలదు, నేల ఎంత పట్టుకుంది, ఎండ ఎంత లాగేసింది అన్న జమాఖర్చు చూడాలన్నదే ఆ పద్ధతి. రైతుకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, డిగ్రీ భూగోళ పుస్తకాలు తెలుగులో రావడంతో, ఇంగ్లిషు రాని పల్లెటూరి పిల్లలకు కూడా అమెజాన్, సైబీరియా అందాయి. ఇది చిన్న మేలు కాదు.

కానీ పాఠం మూసలో పడింది. దేశం ఏదైనా శీర్షికల వరుస అదే. ఉనికి, ఎల్లలు, నైసర్గిక స్వరూపం, శీతోష్ణస్థితి, సహజ వృక్షసంపద, పంటలు, ఖనిజాలు, పరిశ్రమలు, జనాభా, రవాణా. బ్రెజిల్‌కూ ఇదే, నార్వేకూ ఇదే. పరీక్షలో ఔట్‌లైన్ మ్యాపు మీద పది చోట్లు గుర్తిస్తే మార్కులు వచ్చేస్తాయి. పశ్చిమ దేశాల్లో ఇదే జబ్బును చూసి 1950లలో షేఫర్ వంటివారు ప్రాంతీయ భూగోళం ఉత్త వర్ణన అని తూలనాడారు. గణితం, సిద్ధాంతం కావాలన్నారు. అక్కడ ఆ వాదం సాగి సాగి, చివరకు ప్రాంతీయ చదువు కొత్త రూపంలో నిలబడింది. అమెరికా కళాశాలల్లో నేటికీ అదొక మామూలు కోర్సు. ఇక్కడి నుంచి వెళ్లిన మన పిల్లలు కూడా అక్కడ దాన్ని తీసుకుంటున్నారు. మన దగ్గర వాదమూ లేదు, మార్పూ లేదు. ఇంజనీరింగు గాలిలో విద్యార్థులు తగ్గారు, అంతే. భూగోళం ఇప్పుడు కొద్ది డిగ్రీ కళాశాలలకే పరిమితమై, గ్రూప్స్, సివిల్స్ కోచింగుల్లో బిట్లుగా బతుకుతోంది.

ఈ చదువు ఎలా ఉండాలో చెప్పడానికి బాపట్లలోనే ఒక ఉదాహరణ ఉంది. అక్కడి వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. ఆ ఊళ్లో పుట్టి 1986లో విడుదలైన వరి బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. సన్నబియ్యం అనగానే దక్షిణాదిలో ఎందరికో గుర్తొచ్చే పేరు. దాని వంశవృక్షం చూడండి. జీఈబీ 24 అనే తల్లి కోయంబత్తూరుది. టీఎన్ 1 తైవాన్‌లో తయారైన పొట్టి రకం. ఇక మసూరి మలయా నుంచి వచ్చింది, దాని రక్తంలోనూ తైవాన్‌లో పెరిగిన జపాను జాతి వరి ఉంది. యుద్ధానంతరం కటక్‌లో జపాను, భారత వరి జాతులను కలిపే కార్యక్రమం జరగకపోతే మసూరి లేదు, మసూరి లేకపోతే మన సాంబ మసూరి లేదు. తైవాన్‌లో పొట్టి వరి ఎందుకు కావాల్సి వచ్చింది, ఎరువు ఎక్కువైతే ఎత్తు వరి ఎందుకు పడిపోతుంది, రుతుపవనాల ఆసియాలో ఒక రకం ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఎందుకు తేలిగ్గా ఒదుగుతుంది, ఇవన్నీ అడుగుతూ పోతే ఒక సెమిస్టరు సరిపోదు.

తెనాలి నుంచి దక్షిణంగా తీరం వైపు సాగితే నేలే పాఠం చెబుతుంది. తెనాలి, దుగ్గిరాల వైపు బరువైన నల్ల ఒండ్రు, వరి, పసుపు, నిమ్మ, అరటి. వరి కోశాక వెనక మినుము చల్లేవారు. పల్లాకు తెగులు, బంగారు తీగ వేధించాక చాలామంది దున్నకుండానే మొక్కజొన్న వేస్తున్నారు. భట్టిప్రోలు దాటి రేపల్లె, నిజాంపట్నం దిక్కుకు పోతే చౌడు, రొయ్యల చెరువులు, మడ అడవులు. బాపట్ల పక్కకు తిరిగితే ఇసుక దిబ్బలు, వేరుశనగ, జీడిమామిడి, సరుగుడు. ఆ దిబ్బల్లో కొన్ని ఒకనాటి సముద్రపు గట్లు. నది మట్టి తెచ్చి కడలిని వెనక్కి నెట్టిన ఆనవాళ్లు అవి. ఇప్పుడు శ్రీశైలం, నాగార్జునసాగర్, పైన ఆలమట్టి ఆపేశాక మట్టి దిగువకు రావడం తగ్గింది. ఆస్వాన్ డ్యాం తర్వాత నైలు డెల్టాకు పట్టిన గతిని పక్కన పెట్టి చదవాల్సిన ఊళ్లు ఇవి.

డెల్టా రైతులు ఈ పోలిక పని సొంతంగా చేశారు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక వర్ని, బోధన్ వైపు, తర్వాత తుంగభద్ర కింద సింధనూరు, గంగావతి వైపు వెళ్లి క్యాంపులు వేసుకున్నారు. నీరు, నల్లరేగడి, వాలు చూసి అక్కడ వరి పండుతుందని లెక్క కట్టినవాళ్లు ఏ కళాశాలలోనూ భూగోళం చదవలేదు.

ఇదే పోలికను తుపాన్లకూ పెట్టి చూడండి. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను, ఈ తీరాన్నంతటినీ ఊడ్చేసింది. అధికారిక లెక్కలోనే పదివేల దాకా ప్రాణాలు పోయాయి. 1990 మేలో దాదాపు అంతే తీవ్రమైన తుపాను వచ్చినా చనిపోయినవారు వెయ్యికి లోపే. ముందు హెచ్చరిక, తరలింపు, తుపాను షెల్టర్లు అంత తేడా తెచ్చాయి. 2008లో నర్గీస్ తుపాను ఇరావతి డెల్టాలో లక్షకు పైగా మనుషులను మింగింది. ఒకే సముద్రం, ఒకే పల్లపు నేల, ఒకే మడ అడవి. పరిపాలన వేరు, రోడ్డు వేరు, రేడియో చెప్పిన మాట వేరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడి పల్లెలు తరలింపుకు సిద్ధమై ఉండటం వెనుక ఆ పాత చేదు ఉంది.

నేడు రేపల్లె, నిజాంపట్నం చెరువుల్లో పెరిగే వెనామీ రొయ్య పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. మన దేశానికి అనుమతితో వచ్చింది 2009లో. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచగానే చెరువు గట్ల మీద ఈక్వడార్ పేరు వినిపించింది, ఎందుకంటే అదే మనకు పెద్ద పోటీ. గువాయాస్ నది ముఖద్వారం చుట్టూ ఉన్న ఆ దేశపు చెరువుల్లో రొయ్య పిల్లలను పలచగా వదిలి పెంచే పద్ధతి సాగుతుంది, మనం చిన్న చెరువులో ఒత్తుగా వదిలి మేత, ఏరేటర్ల మీద ఖర్చు పెడతాం. ఆ దేశం భూమధ్యరేఖ మీద ఉంది, వేడి ఏడాది పొడవునా దాదాపు ఒకే తీరు. మనకు రుతుపవనం వచ్చి నీటి ఉప్పదనాన్ని తిప్పేస్తుంది. రేపల్లెలో డిగ్రీ చదివే పిల్లాడి నాన్నకు ఈ సంగతులు ధర పడినప్పుడల్లా అవసరం పడుతున్నాయి. ఆ పిల్లాడి ప్రపంచ ప్రాంతీయ భూగోళం పేపరులో దక్షిణ అమెరికా యూనిట్ మొదటి పాఠంగా ఈక్వడార్ రావాలి, దాని పక్కనే నిజాంపట్నం పటం అచ్చు వేయాలి, రెండు చోట్లా నీటి ఉప్పు, వేడి, రొయ్య పిల్లల సాంద్రత, మేత ఖర్చు పట్టికలు కట్టించి మార్కులు వేయాలి.