ఓడ మీద విందుకి ఏ చీర?



పోయిన మాసంలో విశాఖపట్నం నుంచి మా పెద్దొదిన ఫోను చేశారు. మావారి అక్కగారు, అరవై దాటిన మనిషి. కొడుకూ కోడలూ లండనులో వుంటారు. వచ్చే వేసవిలో అమ్మని ఏడు రాత్రులు ఓడ మీద తిప్పి తీసుకొస్తామని టిక్కెట్లు కొన్నారట.

“ఎంత అదృష్టం వదినా!” అన్నాను.

“అదృష్టం సంగతి తరవాత. ఏడింట్లో రెండు రాత్రులు పెద్ద విందులట. మగవాళ్ళు నల్ల కోటు తొడిగి మెడకి బో కట్టుకోవాలిట. ఆడవాళ్ళు నేల దాకా గౌనుట! కోడలు నాకు కొలతలు పంపమంటోంది. ఆ రెండు రాత్రులూ నేను గది దాటి రాను, పెరుగన్నం గదిలోనే తింటానని చెప్పేశాను. నువ్వు రేడియోలో మాట్లాడతావు, నాలుగు పుస్తకాలు తిరగేస్తావు. అసలీ నియమం ఎవరు పెట్టారో కనుక్కుని చెప్పు” అన్నారు.

నేను మెట్రిక్‌తో చదువు ఆపేసినదాన్ని. అయినా అడిగింది ఆడపడుచు, చూడనని ఎలా అంటాను? మధ్యాహ్నం పూట వంటిల్లు సర్దుకుని నాలుగు రోజులు లైబ్రరీకి వెళ్ళాను. అక్కడ తెలిసిన సంగతులు ఆవిడకి చెప్పినట్టే మీకూ చెబుతాను.

మొదట ఇది ఓడ నియమం కాదు, ఇంటి నియమం. ఇంగ్లండులో కలవారి ఇళ్ళలో పగలు కట్టిన బట్టతో రాత్రి భోజనానికి కూర్చోవడం మర్యాద కాదు. మనకి మడి ఎలాగో వాళ్ళకి అది అలాగ. మగవాళ్ళు వెనకాల తోకలు వేలాడే నల్ల కోటు తొడుక్కునేవారు. 1865లో అప్పటి యువరాజు, అంటే తరవాత ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి అయినాయన, ఈ తోకల బాధ పడలేక లండనులో హెన్రీ పూల్ అనే దర్జీల దగ్గర పొట్టి కోటు కుట్టించుకున్నాడు. పల్లెపట్టున వున్న తన మేడలో నలుగురు మిత్రులతో తీరిగ్గా భోంచేయడానికి. ఇరవయ్యేళ్ళ తరవాత అమెరికాలో, న్యూయార్కు దగ్గర టక్సిడో పార్కు అనే చోట, షోకిలాలు ఆ కోటు పట్టుకున్నారు. అందుకే అక్కడ దానికి టక్సిడో అని పేరొచ్చింది. మా మేనల్లుడు అద్దెకి మాట్లాడుకున్నది దాన్నే. చూడండి, హాయి కోసం పుట్టిన కోటు కాలక్రమాన నియమమై కూర్చుంది!

1869లో సూయజ్ కాలువ తెరిచారు. దాంతో బొంబాయికీ ఇంగ్లండుకీ మధ్య దారి బాగా దగ్గరైంది. అయినా మూడు నాలుగు వారాల ప్రయాణమే. దొరలూ దొరసానులూ తమ ఇంటి మర్యాదలన్నీ మూటగట్టుకుని ఓడెక్కారు. భోజనానికి అరగంట ముందు బూరో గంటో మోగేది, బట్టలు మార్చుకోండని. కెప్టెను బల్ల దగ్గర చోటు దొరకడం ఒక హోదా. ఇందులో నాకు నచ్చిన సంగతి సామానుకి అతికించే చీటీలు. ‘గదిలోకి’ అని ఒకటి, ‘దారిలో కావాలి’ అని ఒకటి, ‘దారిలో అక్కర్లేదు’ అని ఒకటి. ‘అక్కర్లేదు’ అన్నది ఓడ అడుగున గోదాంలోకి పోతుంది, ఇక దిగేటప్పుడే దర్శనం. ‘కావాలి’ అన్న పెట్టె అయినా వాళ్ళు చెప్పిన వేళకే తెరుచుకోవాలి. ఇక మిగిలింది పడక కిందికి తోయడానికి వీలుగా చేసిన తక్కువ ఎత్తు ట్రంకు. చలి దేశానికీ ఉక్కపోతకీ, పగటికీ రాత్రికీ సరిపడా ఆ ట్రంకులో సర్దుకోవాలంటే ఆ ఇల్లాలు ఎన్ని రాత్రులు నిద్ర మానుకుందో! ఒక్క వెసులుబాటు వుండేది. ఓడెక్కిన మొదటి రాత్రీ, దిగబోయే ముందు చివరి రాత్రీ విందు దుస్తులు అక్కర్లేదు. మొదటి రోజు పెట్టెలు విప్పి వుండవు, చివరి రోజు కట్టేసి వుంటాయి. ఆ మాట చెప్పినవాళ్ళకి కాస్త ఇంటి పని తెలుసుననిపిస్తుంది.

ఎర్రసముద్రం దగ్గరికొచ్చేసరికి ఈ మర్యాదలన్నీ చెమటలో తడిసేవి. విద్యుత్ పంకాలు లేని రోజులు. ఇనుప ఓడ, నెత్తిన ఎండ, ఒంటిమీద ఉన్ని కోటు! అక్కడే ఒక సర్దుబాటు పుట్టింది. కోటు తీసేసి, తెల్ల చొక్కా మీద నడుముకి వెడల్పాటి పట్టు పటకా చుట్టుకుంటే చాలునన్నారు. దానికి ‘రెడ్‌సీ రిగ్’ అని పేరు. ఆ పటకాని ఇంగ్లీషులో కమర్‌బండ్ అంటారు. అది మన దేశంలో దొరలు నేర్చుకున్న కమర్‌బంద్ అన్న మాటే, నడికట్టు. ఈనాటికీ టక్సిడో కింద కట్టేది అదే. మా మేనల్లుడు అద్దె చెల్లించి కట్టుకోబోయేది మన తాతల నడికట్టన్నమాట. వదినకి ఈ ముక్క బాగా నచ్చింది.

ఆడవాళ్ళ సంగతికొస్తే, 1935లో తొలి ప్రయాణం చేసిన నార్మండీ అనే ఫ్రెంచి ఓడ గురించి చెప్పాలి. దాని మొదటి తరగతి భోజనశాల పొడవు 305 అడుగులు. ఏడు వందల మంది ఒకేసారి కూర్చోవచ్చు. అందులోకి పక్క తలుపులోంచి చల్లగా జారుకోవడం కుదరదు, అందరూ చూస్తుండగా పెద్ద మెట్లు దిగి రావాలి. దిగేవాళ్ళని చూడడమే ఆ సాయంత్రానికి సగం వినోదం. ఆ మెట్లు కట్టిన రోజునే గౌను ఎంత పొడుగుండాలో కూడా నిర్ణయమైపోయింది.

ఈ బట్టల పట్టుదల ఎంతవరకు వెళ్ళేదంటే, 1912 ఏప్రిల్లో టైటానిక్ మునుగుతున్న రాత్రి గుగ్గెన్‌హైమ్ అనే కోటీశ్వరుడు నీళ్ళలో తేల్చే కవచం విప్పేసి, విందు దుస్తులు వేసుకుని, పెద్దమనిషిలా పోతానన్నాడని బతికి బయటపడిన నౌకరు చెప్పాడు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

అయితే ఓడంటే మొదటి తరగతి ఒక్కటే కాదు కదా. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందిని ఎక్కించుకుని దక్షిణాఫ్రికాకి బయలుదేరింది, చెరకుతోటల కూలీకి. అందులో మన తెలుగువాళ్ళూ వున్నారు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూనుకి వెళ్ళినవాళ్ళకి లెక్కే లేదు. బర్మాలో మనవాళ్ళని కొరంగీలు అనేవారంటేనే తెలుస్తుంది, మన కోరంగి రేవు పేరే జాతి పేరైపోయింది. వాళ్ళు డెక్కు మీద ఆకాశం కింద పడుకుని వెళ్ళారు. ఏం కట్టుకోవాలన్న ప్రశ్న వాళ్ళకి రాలేదు, వున్నది కట్టుకునే ఎక్కారు. ఈ మాట పక్కన పెట్టి విందుల కబుర్లు చెప్పుకుంటే సగం చరిత్రే చెప్పుకున్నట్టు.

ఇక మనవాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని పై తరగతుల్లో ఎక్కడం మొదలెట్టాక ఏమైంది? వదిన గదిలో కూర్చుంటానన్నారే, ఆ పని ఆవిడకంటే ముందు గాంధీగారు చేశారు. 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడెక్కేసరికి ఆయనకి ఇంకా పందొమ్మిది నిండలేదు. ఫోర్కూ కత్తీ వాడడం రాదు. ఏది శాకాహారమో అడగడానికి సిగ్గు. అందుకని భోజనశాలకి వెళ్ళకుండా, ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పళ్ళూ గదిలోనే తిన్నానని ఆత్మకథలో రాసుకున్నారు. ఓడ మీద నల్ల సూటు వేసుకున్నారు. స్నేహితులు ఇచ్చిన తెల్ల ఫ్లానెల్ సూటు ఒడ్డున దిగేటప్పటికని దాచుకున్నారు. తీరా దిగితే సెప్టెంబరు ఆఖరు, తెల్లబట్టల్లో తానొక్కరే! పెట్టెలూ తాళాలూ ఏజెంటుకి అప్పజెప్పేశారు, మర్నాడు ఆదివారం, సోమవారం దాకా సామాను రాదు. ఆ అవమానం కుర్రవాణ్ణి ఎంత కుదిపిందో, తరవాత లండనులో ఖరీదైన వీధిలో పది పౌన్లు పోసి విందు సూటు కుట్టించుకున్నారు. అద్దం ముందు నిలబడి టై కట్టుకోవడం నేర్చుకున్నారు. నలభై మూడేళ్ళ తరవాత, 1931 ఆగస్టు 29న, అదే బొంబాయిలో రాజపుటానా అనే ఓడెక్కినప్పుడు ఒంటిమీద కొల్లాయిగుడ్డా శాలువా. వెంటవున్నవాళ్ళు తెచ్చిన అదనపు పెట్టెలు చూసి కోప్పడి, ఏడెన్ రేవు నుంచి వెనక్కి పంపించేశారు. అదే ఓడలో మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడుగారు కూడా వున్నారు.

మగవాళ్ళు సూటు తొడుక్కుని సర్దుకుపోయారు. ఆడవాళ్ళకి చిక్కు వేరు. మన నాయనమ్మల కాలంలో లోపల లంగా ఎక్కడిది? బెంగాల్లో అయితే కలవారి స్త్రీలు కూడా ఇంట్లో ఒంటి చీరతో వుండేవారు. గడప దాటే పనే లేనప్పుడు అది చాలు. 1864లో రవీంద్రనాథ ఠాగూరుగారి పెద్దన్నల్లో ఒకరైన సత్యేంద్రనాథ్‌గారికి బొంబాయి వైపు ఉద్యోగమైంది. భార్య జ్ఞానదానందినీ దేవిని ఓడ మీద తీసుకెళ్ళాలి. పధ్నాలుగేళ్ళ పిల్ల. ఏం కట్టి తీసుకెళ్ళడం? ఒక ఫ్రెంచి దర్జీ కొట్టులో ‘తూర్పు దేశపు దుస్తులు’ అని ఏదో కుట్టించారు. అది ఎలాంటి చిక్కుముడి అంటే, ఆవిడ తనంతట తాను వేసుకోలేకపోయింది. బొంబాయి చేరాక పార్శీ స్త్రీలు చీర కట్టే తీరు చూసింది. అది నేర్చుకుని తనకి వీలైనట్టు మార్చుకుంది. పార్శీలు పమిట కుడి భుజం మీదికి తెస్తే, కుడిచెయ్యి పనికి అడ్డం లేకుండా ఈవిడ ఎడమ భుజం మీద వేసింది. లోపల లంగా, పైన జాకెట్టు, ఎడమన పమిట! కలకత్తా తిరిగొచ్చాక చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు, ఆ తరవాత నేర్చుకోవడానికి ఆవిడ దగ్గరికే వెళ్ళారు. 1877లో చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని, భర్త తోడు లేకుండా, ఇంగ్లండు ఓడెక్కింది ఆ చీరలోనే ఎదిగిన ఆ మనిషి.

1883 ఏప్రిల్ 7న కలకత్తా నుంచి అమెరికాకి బయలుదేరిన ఆనందీబాయి జోషీకి పద్ధెనిమిదేళ్ళు. డాక్టరీ చదవడానికి వెళుతోంది. మహారాష్ట్ర స్త్రీల తొమ్మిది గజాల చీర మన గోచీ కట్టులాంటిది, పిక్కలు కనిపిస్తాయి. ఆ దేశంలో అది తప్పుగా చూస్తారు. పోనీ గౌను వేసుకుందామా అంటే మనసొప్పలేదు. హిందువుగానే వెళతాను, హిందువుగానే తిరిగొస్తానని సభలో చెప్పి మరీ బయలుదేరిన పిల్ల అది. చివరికి గుజరాతీ స్త్రీల కట్టు ఎంచుకుంది. పాదాలదాకా వస్తుంది, చీర చీరగానే వుంటుంది. 1885లో ఫిలడెల్ఫియా వైద్య కళాశాలలో తీసిన ఫోటో ఒకటుంది. జపాను అమ్మాయి కిమోనోలో, సిరియా అమ్మాయి తన దేశపు దుస్తుల్లో, సందేహాలేమీ లేనట్టు చీరలో మన ఆనందీబాయి. పుస్తకం తెరిచి ఆ ఫోటో దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తిరిగొచ్చిన మరుసటేడే, 1887లో, క్షయతో పోయింది.

కూచ్ బిహార్ మహారాణి ఇందిరాదేవి గురించి కూడా చెప్పకుండా వుండలేను. యూరపుకి తరచు ఓడల్లో తిరిగిన ఆవిడే మొదటిసారి షిఫాన్ బట్టని చీరగా కట్టిందని కూతురు గాయత్రీదేవి రాశారు. బరువులేని చీర, చిన్న పెట్టెలో అరడజను పడతాయి. ప్రయాణం తెలిసిన మనిషి ఆలోచన!

1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు తిరగడం మొదలయ్యాక ఓడలకి గిరాకీ పడిపోయింది. వూరు చేర్చే పని పోయి, వూరికే తిప్పే పని మిగిలింది. 2022 జూన్‌లో మన విశాఖ రేవు నుంచే అలాంటి విహారనౌక పుదుచ్చేరి, చెన్నై వైపు తిరిగొచ్చింది. ఈ ఓడల్లో కొన్ని విందు దుస్తుల నియమం సడలించాయి, కొన్ని పాత వైభవం కోసం అట్టే పెట్టుకున్నాయి. అట్టే పెట్టుకున్నవాళ్ళలో కూడా ‘ఏ దేశంవారు ఆ దేశపు సంప్రదాయ దుస్తులు వేసుకోవచ్చు’ అని రాసుకున్నవాళ్ళున్నారు.

ఈ చివరి మాట చెప్పి, మీ ఓడవాళ్ళ కాగితాలు పూర్తిగా చదివించమన్నాను. మర్నాడు రాత్రి ఫోనొచ్చింది. వుందిట! మూడో పేజీలో, చిన్న అక్షరాల్లో. కోడలు పాపం మొదటి పేజీ చూసి కొలతలు అడిగింది.

ఇక ఏ చీరన్నది మిగిలింది. కంచిపట్టు బరువు, మడతపడితే ఓడలో ఇస్త్రీ కుదురుతుందో లేదో. షిఫాన్ అయితే డెక్కు మీద గాలికి నిలవదు. గద్వాల అయితే వొళ్ళంతా నూలు, అంచూ పమిటా పట్టు, తేలిగ్గా వుంటుంది, నిలబడుతుంది అన్నాను. కుచ్చిళ్ళు అంగుళం పైకి కట్టుకోమనీ, మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకోమనీ, నాలుగు పిన్నీసులు ఎక్కువ పెట్టుకోమనీ కూడా చెప్పాను. గోధుమరంగు గద్వాలకి ఫాల్ కొత్తగా కుట్టించడానికి ఇచ్చారట. గదిలో పెరుగన్నం మాత్రం వదలనంటున్నారు, విందు అయ్యాక వచ్చి తింటారట.