అమెరికా ఆర్థిక పునరుద్ధరణ చట్టం (2009)

మాంద్యంలో కూరుకుపోయిన అమెరికాను గట్టెక్కించడానికి బరాక్ ఒబామా ప్రభుత్వం తెచ్చిన ఉద్దీపన చట్టమిది. 2009 ఫిబ్రవరి 17న డెన్వర్‌లో ఒబామా దీనిపై సంతకం చేశారు. వ్యయం 78,700 కోట్ల డాలర్లని తొలి అంచనా. కష్టకాలంలో ప్రభుత్వం ఎంతవరకు జోక్యం చేసుకోవాలన్న వివాదంలో రెండు ప్రధాన పార్టీలు ఎంత దూరం జరిగాయో ఈ చట్టం చరిత్ర చెబుతుంది.

నేపథ్యం

2008 సెప్టెంబరులో పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. బ్యాంకులను ఆదుకునేందుకు జార్జ్ బుష్ ప్రభుత్వం 70,000 కోట్ల డాలర్ల బిల్లు తెస్తే, సెప్టెంబరు 29న ప్రతినిధుల సభ 228-205 ఓట్లతో తిరస్కరించింది. బుష్ సొంత పార్టీ రిపబ్లికన్లలోనే ఎక్కువమంది ఎదురుతిరిగారు. ఆ రోజు స్టాక్ మార్కెట్ సూచీ డౌజోన్స్ 777 పాయింట్లు పడిపోయింది. అక్టోబరు 3న, కొన్ని మార్పులతో, బిల్లు గట్టెక్కింది.

వాదనలు, ఓటింగు

ఆ తర్వాత ఒబామా తెచ్చిన ఉద్దీపన చట్టంపైనా వాదం నడిచింది. జనం, కంపెనీలు ఖర్చు తగ్గించుకున్నప్పుడు ప్రభుత్వమూ చేతులు ముడుచుకుంటే ఉద్యోగాలు మరింత పోతాయని ఒబామా పార్టీ డెమోక్రాట్లు వాదించారు. దీనికి మూలం ఆర్థికవేత్త కీన్స్ సిద్ధాంతం. అప్పు భారం రేపటి తరాల మీద పడుతుందని, పన్నులు తగ్గించడమే మేలని రిపబ్లికన్లన్నారు. చట్టంలో దాదాపు మూడో వంతు పన్ను రాయితీలే అయినా ప్రతినిధుల సభలో ఒక్క రిపబ్లికన్ కూడా అనుకూలంగా ఓటెయ్యలేదు. సెనేట్‌లో ముగ్గురే మద్దతిచ్చారు. మరోవైపు పాల్ క్రూగ్‌మన్ వంటి ఆర్థికవేత్తలు ఈ మొత్తం చాలదని విమర్శించారు.

అమలు

ఉద్యోగికి 400 డాలర్ల వరకు దక్కిన పన్ను రాయితీ ఒకేసారి చేతికి రాలేదు. జీతంలో పన్ను కోత తగ్గి, ప్రతిసారీ కొద్ది డాలర్లు కలిసివచ్చాయి. చాలామంది దాన్ని గమనించనే లేదు. సౌత్ కరోలినా గవర్నర్ మార్క్ శాన్‌ఫర్డ్ ఈ చట్టం కింద వచ్చే కొన్ని నిధులకు దరఖాస్తు చేయనంటే, చేయాల్సిందేనని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2009 జూన్‌లో తీర్పిచ్చింది.

ఫలితాలు

ఈ పథకంతో నిరుద్యోగం 8 శాతం దగ్గరే ఆగుతుందని ఒబామా సలహాదారులు ముందుగా అంచనా వేశారు. 2009 అక్టోబరులో అది 10 శాతానికి చేరింది. రిపబ్లికన్లు దీన్నే వైఫల్యానికి రుజువుగా చూపారు. 2010 ఎన్నికల్లో ప్రతినిధుల సభలో 63 స్థానాలు అదనంగా గెలిచారు. చట్టం వల్ల ఉపాధి పెరిగిందని, ఏ పార్టీకీ చెందని అమెరికా చట్టసభ (కాంగ్రెస్) బడ్జెట్ కార్యాలయం లెక్కగట్టింది. అయితే చట్టం లేకుంటే ఏమయ్యేదో అంచనా వేయగలరే తప్ప ఎవరూ కళ్లారా చూడలేరు. అందుకే ఒకే అంకెలు చేతబట్టుకుని రెండు పక్షాలూ తమ మాటే నెగ్గిందన్నాయి.