చీజుకు బీరు, గుడాలకు కల్లు

ఇటీవల మా మనుమడు కరిగిన చీజు వేసిన రొట్టె తెచ్చి, "తాతా, దీనికి జోడీ బీరే" అన్నాడు. నాకు మా నారాయణఖేడ్ కల్లు, గుడాలు గుర్తుకొచ్చాయి.

బ్రిటన్‌లో చీజును బీరుతో కలిపి కరిగించి, కాల్చిన రొట్టెపై పోసుకునే వంటకం ఉంది. దాని పాత పేరు 'వెల్ష్ రాబిట్' 1725 నాటికే రాతల్లో కనబడుతుంది. పేరులో కుందేలున్నా వంటలో లేదు. చీజులోని కొవ్వు నాలుకను అంటుకుంటుంది. బీరులోని గ్యాసు, చేదు దాన్ని కడిగేస్తాయి. జోడీ కుదరడానికి కారణం అదే.

మా ఖేడ్ 1956 వరకు బీదరు జిల్లాలో ఉండి, ఆ ఏడు మెదక్‌లోకి, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. జిల్లాలు మారినా జోడీ మారలేదు: ఈత కల్లో తాటి కల్లో, పక్కన గుడాలు, బోటి కూర. చెట్టు నుంచి దించిన కల్లు గంటల్లోనే తనంతట తాను పులుస్తుంది. ఆ పులుపు, నురగ బోటిలోని కొవ్వుకు సరిపోతాయి. బ్రిటన్ వారి లెక్కే మన పెద్దలదీ.

అయితే ఆ లెక్క చెట్టు కల్లుకే. మత్తుమందు కలిపిన కల్లుకు జోడీ ఆసుపత్రే. 2015లో తెలంగాణలో కల్తీపై దాడులు జరిగి ఆ కల్లు ఆగిపోతే, అలవాటు పడినవారు ఎందరో వణుకుతో, ఫిట్సుతో ఆసుపత్రుల పాలయ్యారు.

సోదర పెన్షనర్లకు మనవి: నిద్రమాత్రలు, షుగరు మందులు వాడే వయసులో బీరైనా కల్లైనా ప్రమాదమే. నేను మనుమడి రొట్టె తిని, పుల్లని మజ్జిగ తాగాను. జోడీ బాగానే కుదిరింది.